అరువు చూపు

మా పాళెంలో తెప్పలు వాటంతట అవి ఒడ్డుకు రావు. ఆడవాళ్ళు చూపుతో లాక్కొస్తారు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం. వాకాడుకు తూర్పున, కాలవ దాటి, ఇసకదిబ్బలు దాటి, సరుగుడు తోపుకూ సముద్రానికీ మధ్య ఉంటుంది మా పాళెం. తెల్లవారకముందే మగవాళ్ళు వేటకు పోతారు. పొద్దు బాగా ఎక్కాక ఆడవాళ్ళు దిబ్బ మీదికి వెళ్ళి నిలబడతారు. నీళ్ళ చివర ఎక్కడో ఒక నలుసు లేస్తుంది. అది ఎవరి తెరచాపో గుర్తుపట్టి ఆ ఇంటి ఆడది మొగుడి పేరు పెట్టి కేక వేస్తుంది. మామూలు వేళల్లో మొగుడి పేరు పలికితే పళ్ళు రాలగొడతారు. నోరారా ఆ పేరు పిలుచుకోవడానికి మాకున్నది ఆ ఒక్క కేకే. కేక వేశాక ఇక చూపు తిప్పకూడదు. తెప్ప ఇసకను తాకేదాకా కళ్ళు దాని మీదే ఉండాలి. చంకలో బిడ్డ గుక్కపట్టినా కిందికి చూడకూడదు. దాన్ని మేము చూపుతాడు అంటాం. నా మొగుణ్ణి నేను అలాగే తెచ్చుకున్నాను, మా నాన్నను మా అమ్మ అలాగే తెచ్చుకుంది.

మా అంకాలమ్మ అత్త మాత్రం ఏనాడూ కేక వెయ్యలేదు. ఆమెకు జానెడు దూరం దాటితే ఏమీ కనబడదు.

అత్త అంటే మా అమ్మకు అన్న పెళ్ళాం. అత్త మొగుడు చిన్నపోలయ్య మామ, మా నాన్న, ఇద్దరూ ఒకే తెప్ప మీద పోయేవాళ్ళు. కాబట్టి మా అమ్మ మాలకొండమ్మ ఒక్క చూపుతో ఇద్దరినీ లాక్కొచ్చేది. ఊరుకుంటుందా! "మా ఆయనకు నా చూపు, మా అన్నకు అరువు చూపు" అని దిబ్బ మీద అందరూ వినేట్టు అనేది. మా అమ్మ చెడ్డది కాదు, నోరు అలాంటిది. ఆ నోరే నాకూ వచ్చిందంటారు, అననీ.

అత్త చూపు సంగతి చెబితే పట్నంవాళ్ళు నమ్మరు. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, దోమ కాలి మీది చారలు కూడా చెప్పేది. పాళెంలో ఎవరి అరికాల్లో చేపముల్లు విరిగినా ఆమె గుడిసెకే పరిగెత్తేవాళ్ళు. చిరిగిన వలలు, తెరచాపలు అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. వలను మొహానికి ఆనించుకుని వెదురు సూదితో ముడి మీద ముడి వేసుకుపోతుంటే ఆమె ఊపిరికి దారం తడిసేది. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ కట్టిందో మళ్ళీ వెతికినా దొరికేది కాదు.

జానెడు లోపల ఆమెకు ఒక పెద్ద లోకం ఉండేది. ఉప్పుగల్లు మూలలు, రొయ్య మీసం కొసలు, పసిబిడ్డ రెప్పవెంట్రుకలు. జాన దాటితే అంతా పాలు. మనుషులు ఆ పాలలోంచి ఊడిపడతారు, దగ్గరై మొహం తెచ్చుకుంటారు, మళ్ళీ పాలలోకి పోయి కరిగిపోతారు. ఈ మాటలు నావి కావు, ఆమే చెప్పింది. సముద్రం అంటే ఆమెకు చప్పుడు. ఆకాశంలో చుక్కలంటే జనం అలవాటుగా అనుకునే మాట. మామను గుర్తుపట్టేది వలలకు పట్టించే తుమ్మచెక్క కషాయం వాసనతోనూ, నడుస్తుంటే టకటకమనే ఆయన ఎడమ మోకాలి చప్పుడుతోనూ. పెళ్ళైన కొత్తలో ఆయన సముద్రంలోంచి నడిచి వస్తుంటే ఎవరో పరాయి మగాడనుకుని కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుందట. ఆ కథ చెప్పుకుని పాళెం ఏళ్ళ తరబడి నవ్వింది.

నవ్వలేని కథ ఒకటి ఉంది. అది నేను పుట్టిన రోజు జరిగింది. మా అమ్మ నొప్పులతో చాప మీద ఉంది. మిగతా ఆడవాళ్ళు తమ తమ తెప్పలు లాక్కుని, చేపలు గంపలకెత్తుకుని వెళ్ళిపోయారు. మా వాళ్ళ తెప్ప కోసం అత్త ఒక్కతే దిబ్బ మీద నిలబడింది, ఆ పాలలోకి చూస్తూ. తెప్ప రాలేదు. గాలి తిరిగి, దక్షిణానికి కొట్టుకుపోయి, పులికాటు దగ్గర ఎక్కడో ఒడ్డెక్కి, ఇద్దరూ మర్నాడు కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. వచ్చారు కదా, అంతటితో పోవాలి. పోతే మా పాళెం ఎట్లా అవుతుంది? మా అమ్మమ్మ, ఆ మహాతల్లి, "చూపు లేనిదాన్ని తెచ్చుకున్నందుకు నా బిడ్డను సముద్రం తినేసి ఉండేది గదరా" అని వీధిలో గుండెలు బాదుకుంది. అత్త ఆనాటి నుంచి దిబ్బ ఎక్కడం మానేసింది. తెప్పలు వచ్చే వేళకు గుడిసె వెనక వల ముందేసుకుని కూర్చునేది, చెవులు మాత్రం ఒడ్డు మీద పెట్టి.

పంతొమ్మిదివందల అరవై రెండో, అరవై మూడో. నా పెద్దదానికి పళ్ళొస్తున్న రోజులు. అత్త వేసిన ముడి జారిపోయింది. ఒకటి కాదు, వల పొడుగునా జారిపోయాయి. పడిన చేపలన్నీ ఆ కంతల్లోంచి పోయి మామ ఖాళీ వలతో వచ్చాడు. వలను దండెం మీద వేశాడు. అత్త దారాన్ని ముక్కుకు ఆనించింది, రెప్పకు ఆనించింది, వెలుతురులోకి తిప్పింది.

"పిచ్చమ్మా, పాలు లోపలికి వచ్చేసినాయే" అంది.

నేను ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. గడ్డం పట్టుకుని చూస్తే రెండు కంటిపాపల నడుమా తెల్లగా పువ్వు. చేప ఉడికితే దాని కంట్లోంచి ముత్యమంత తెల్లగుండు రాలుతుంది చూడండి. పచ్చి చేపలో అదే గుండు నీళ్ళంత తేటగా ఉంటుంది. "నా కళ్ళు ఉడికిపోయినాయిలే, ఇంక దించేసేదే" అని ఆమే నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడే మామ భుజం పోయింది. తెడ్డు ఎత్తితే మొహం వంకర పోయేంత నొప్పి. చైత్రంలో గంగమ్మ కొలుపు జరుగుతుంది మాకు. కొలుపు మర్నాడు ముదుసలివాళ్ళతో సహా అందరూ తెప్ప ఎక్కి తల్లి పేరున ఒక వల వేసి రావాలి. "ఆ వల వేసి దిగేస్తా. ఇంక ఎక్కను" అని మామ అందరితో చెప్పేశాడు.

ఆ మాట చెవినబడిన మర్నాడు అత్త నన్ను పక్కకు పిలిచింది.

"నాకొక ఆశ ఉండాది పిచ్చమ్మా. నవ్వగూడదు."

"నవ్వను, చెప్పత్తా."

"ఒక్క దినమన్నా ఆయన్ని నా చూపుతో ఒడ్డుకు తెచ్చుకోవాల. అరువు చూపుతోనే వచ్చి వచ్చి ముసిలోడైపొయినాడు. ఇప్పుడు దిగిపోతాడంట."

"ఉన్న జానే పొయ్యింది, దూరం యాడ నుంచి ఊడిపడతాది నీకు?" అని కసిరాను. కసిరిన నోటితోనే ఏడ్చాను కూడా.

మాఘమాసంలో సూళ్ళూరుపేట బడిలో కంటి ఆపరేషన్లు చేస్తున్నారని కబురొచ్చింది. కాలవలో కట్టెల పడవ ఎక్కాం, అత్త, మామ, చంకలో బిడ్డతో నేను. గాలి లేని చోట ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగారు. నీళ్ళు కదిలినట్టే లేవు, గట్టు మాత్రం మెల్లగా వెనక్కి పోతోంది. ఎక్కడో కొంగల గుంపు ఒక్కసారిగా లేచిన చప్పుడైతే అత్త తల అటు తిప్పింది. పడవ ముందు కట్టిన తాడును చేత్తో తడిమి, దాని బిగువు చూసింది. "చూపు కూడా ఇట్టా పట్టుకునేదిగా ఉంటే నేను గూడా లాగేదాన్ని" అంది. మామ వినీ విననట్టు చుట్ట వెలిగించుకున్నాడు.

బడిలో బెంచీలన్నీ బయట పడేసి, కిటికీలకు చాపలు కట్టి, గదినిండా మనుషుల్ని వరసగా పడుకోబెట్టారు. డాక్టరమ్మ పేరు కరుణాకుమారి గారు. సన్నటి మనిషి, మాట మెత్తన. అత్త కుడికన్నుకు ఆపరేషన్ చేసి రెండు కళ్ళకూ కట్టు కట్టింది. తల కదలకుండా అటొకటి ఇటొకటి ఇసకమూటలు పెట్టారు. అత్త ఆ మూటల మధ్య నిశ్చలంగా పడుకుని, కట్టు లోపల రంగులు ఈదుతున్నాయని చెప్పేది. ఒకసారి వంగపండు రంగు, ఒకసారి పచ్చి రొయ్య రంగు. కలో మెలకువో తెలియడం లేదనేది. నేను గంజి తాగిస్తూ ఊకొట్టేదాన్ని.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నని అడిగింది. అత్త తప్పులేకుండా చెప్పింది. డాక్టరమ్మ చిన్న దీపం వేసి కంట్లోకి చాలాసేపు చూసి, నవ్వింది.

"అంకాలమ్మా, నీది పొడుగు కన్ను. అందరికీ కంటిగుండు గుండ్రంగా ఉంటే నీకు వెనక్కి సాగి ఉంది. అందుకే పుట్టినప్పటి నుంచీ దూరం ఆనలేదు నీకు. ఇప్పుడు లోపలున్న మసక బిళ్ళ తీసేశాను. వేరేవాళ్ళకైతే ఆ బిళ్ళ పోయిన లోటుకు బయట మందపాటి అద్దాలు పెట్టాలి. దొరల సీమలో కొందరు డాక్టర్లు కంటి లోపలే చిన్న అద్దపు బిళ్ళ అమర్చి చూస్తున్నారట, మన దాకా ఇంకా రాలేదు. నీకు బయటిదీ వద్దు, లోపలిదీ వద్దు. నీ కన్ను పొడుగే ఆ లోటును పూడ్చేసింది. దగ్గరి పనికి ఏదైనా కావాలంటే కన్ను బాగా ఆరాక చూద్దాం. అందాకా ఈ కంటి మీది పచ్చగుడ్డ తియ్యొద్దు, ఎండలోకి పోవద్దు, తల వంచుకునే ఉండు."

ఈ మాటలు నేను విన్నాను. విన్నది విన్నట్టు బయట కూర్చున్న మామకు చెప్పాను. నాకు అర్థమైందా అంటే, లేదు. పొడుగు కన్ను అంటే అందమైన కన్నేమో, మెచ్చుకుంటోందేమో అనుకున్నాను. మామకు ఒక్క ముక్కే చెవికెక్కింది. అందరికీ అద్దాలిచ్చి తన పెళ్ళానికి వద్దన్నారు.

నిజంగానే ఆఖరి రోజు అందర్నీ వరసలో కూర్చోబెట్టి సోడాబుడ్డి అద్దాలు పంచారు. ఆ అద్దాలు పెట్టుకున్న ముసలాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, దూరంగా పోయే రైలును వేలుపెట్టి చూపిస్తున్నారు. అత్త మాత్రం నుదుటి మీంచి పచ్చగుడ్డ వేలాడేసుకుని, తల వంచుకుని, కాళ్ళ బొటనవేళ్ళు చూసుకుంటూ కూర్చుంది. "వాళ్ళకున్న భాగ్యం మనకేందిలే" అన్నాడు మామ. పళ్ళు కొరుకుతున్నాడు.

పాళెం చేరాక నెల దాటేదాకా అత్తను చీకటి గుడిసె దాటనివ్వలేదు మేము. తాటాకు పందిరి, వంగితే తప్ప దూరలేని వాకిలి, ఒక మూల దీపం. కొన్నాళ్ళకు కన్ను ఎరుపు తగ్గగానే ఆమె మొదట చేసిన పని వల ఒళ్ళోకి లాక్కోవడం. ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. ఇంకాస్త ఆనించుకుంది. వేళ్ళే కనబడలేదు. పువ్వు పోయింది, తెల్లదనం పోయింది, వెలుతురు దండిగా ఉంది. ఆమె జానెడు లోకం మాత్రం తిరిగి రాలేదు. వల కింద పెట్టి గోడకేసి తిరిగి పడుకుంది.

"చూసినావా! ఆపరేషన్ సగమే చేసినారు. అద్దాలియ్యకపోతే ఎట్టా కనబడతాది?" అని మామ లేచాడు. "మనం చేపలు పట్టే పట్టపోళ్ళం గదా, అడిగేదానికి నోరు లేదనుకున్నారు." నేను మళ్ళీ డాక్టరమ్మ మాట గుర్తుచేశాను. "ఊరుకోయే, నీకేం తెలుసు" అన్నాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది గానీ, గోడకేసి తిరిగిన అత్తను చూసి నేనూ ఊరుకున్నాను.

కొలుపుకు ముందు వారం వలలో మనిషంత వంజరం చేప పడింది. ఆ ఏడు పాళెంలో అంత పెద్దది ఎవరికీ పడలేదు. గంపలోళ్ళు ఎగబడి అడిగారు. మామ ఇవ్వలేదు. తడిగోతంలో చుట్టి, చెడ్డ భుజం మీద కాకుండా రెండో భుజం మీద వేసుకుని, కాలవ పడవ ఎక్కి సూళ్ళూరుపేట పోయాడు. అక్కడ అద్దాలమ్మే హజరత్తయ్య ముందు ఆ చేపను దబ్బున పడేసి, "మా ఆడమనిషికి ఆపరేషన్ అయినాది. అందరికీ ఇచ్చినట్టాంటి అద్దాలు ఇయ్యి" అన్నాడట. పాపం హజరత్తయ్య ఏం చేస్తాడు? ఆపరేషన్ అయినవాళ్ళకు ఇచ్చేది ఆ మందపు అద్దాలే. చేప తీసుకుని అద్దాలిచ్చాడు.

మామ ఆ అద్దాలు తెచ్చి తన చేత్తో అత్తకు పెట్టాడు. జారిపోకుండా వలదారం కట్టి, తల వెనక బిగించి సముద్రం ముడి వేశాడు. తెప్ప దుంగల్ని కలిపికట్టే ముడి అది, తుఫానుకు కూడా ఊడదు. "తియ్యొద్దు. పడితే పగులుతాది" అన్నాడు.

అత్త తన చెయ్యిని మొహం దగ్గరికి తెచ్చుకుంది. బెత్తెడు దూరంలో ఆగింది. "ఓయమ్మా! గీతలు!" అని అరిచింది. అరచేతి గీతలు, గోరు కింద ఇసకరేణువు, వలదారంలో పురులు, అన్నీ తిరిగి వచ్చేశాయి. మామ మొహాన్ని రెండు చేతులా పట్టుకుని దగ్గరికి లాక్కుని, గడ్డంలో ఎన్ని తెల్లవెంట్రుకలు వచ్చాయో ఒక్కొక్కటే వేలితో చూపించింది. ఆయన సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. పాళెమంతా చూడటానికి వచ్చింది. మా అమ్మ కూడా, "అన్నా, ఆ వంజరానికి సరిపొయ్యిందిరా" అంది.

అందరూ వెళ్ళాక నేను అడిగాను. "దూరం అత్తా?"

ఆమె వాకిలికేసి చూసింది. "పాలేనే" అంది. అద్దాలు సర్దుకుని, "పోనీలే, నా పాత కళ్ళు నాకొచ్చినాయి. అంతకన్నా ఆశపడితే గంగమ్మకు కోపమొస్తాది" అంది. ఆ అద్దాలు ఆమె మామ మీద భక్తితో తియ్యనే లేదు. స్నానానికి కూడా మెడ కిందికే పోసుకునేది. పడుకున్నప్పుడు నుదుటి మీదికి నెట్టుకుని కళ్ళు మూసుకునేది.

కొలుపు అయింది. మర్నాడు వేకువనే తప్పెట్లతో మగవాళ్ళను సముద్రంలోకి పంపాం. మామ తెప్ప ఎక్కేముందు దాని ముక్కుకు పసుపు రాసి, రెండు చేతులా మొక్కాడు. ఆ మొక్కడం చూసి మా నాన్న మొహం తిప్పుకున్నాడు.

పొద్దెక్కాక మేము దిబ్బ మీదికి పోతుంటే అత్త వెనకే వచ్చింది. నేను పుట్టిన నాటి నుంచి ఎక్కని దిబ్బ.

"ఎండలో నువ్వెందుకు వదినా?" అంది మా అమ్మ.

"ఊరికేనే, మాలకొండా. చూపు లేకపోయినా మనిషినన్నా ఉంటా, ఆఖరు దినం గదా."

మా అమ్మ ఎప్పుడూ అనే అరువు చూపు మాట ఆ రోజు అనలేదు. జరిగి చోటిచ్చింది.

ఆ రోజు సముద్రం మీద నిద్రమబ్బులాంటి ఎండ కాస్తోంది. గాలి ఉప్పునీటి తుంపరను తెచ్చి మొహాన కొడుతోంది. మామూలు కళ్ళను కడిగిపోయే తుంపర అది, అద్దం మీద మాత్రం ఎండి తెల్లగా పేరుకుపోయింది. అత్త కొంగుతో తుడిచింది. ఇంకా అలికినట్టయింది. మళ్ళీ తుడిచింది. తల వెనక ముడి తడిసి బిగుసుకుపోయి ఉంది. నేను చెయ్యి వెయ్యబోతే వద్దంది. పాళెంలో ముడి అంటే ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? చేతులు వెనక్కి పెట్టి, గోళ్ళతో దారాన్ని ఒక్కొక్క పొర వదులు చేసింది. అద్దాలు ఒళ్ళోకి జారాయి. తల వంచుకుని, కొంగు కొసతో తుడుస్తూ తుడుస్తూ, మెడ నొప్పికి కాబోలు, తల ఎత్తింది.

చేతులు ఆగిపోయాయి.

ఎక్కడి నుంచో వచ్చిన గొంతుతో అడిగింది. "పిచ్చమ్మా, ఆ గీత ఏంది?"

"ఏ గీత?"

"ఆడ. నీళ్ళు అయిపొయ్యేకాడ. ఈ కొస నుంచి ఆ కొసకు ముగ్గుగీత గీసినట్టుండాదే."

నేను చూశాను. గీతా లేదు, ఏమీ లేదు, ఎప్పుడూ ఉండేదే. "అది సముద్రం అంచు గదా అత్తా" అన్నాను. అన్నాక నాకు డాక్టరమ్మ నవ్వు గుర్తొచ్చింది. బయటిదీ వద్దు, లోపలిదీ వద్దు.

"అంచు ఉంటాదా దానికి!" అంది అత్త. కాకి ఎగిరితే దాన్ని చూసింది. ఎగిరి ఎగిరి అది చుక్కయ్యేదాకా చూసింది. సరుగుడు తోపుకేసి తిరిగి, "ఆకులు విడివిడిగా ఉండాయే" అంది. అలలు ఒకదాని వెనక ఒకటి పుట్టే చోటు చూసింది, అవి విరిగే చోటు చూసింది. ఇన్నేళ్ళూ విన్న చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకు అప్పుడు తెలిసింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు, రెప్ప వేస్తే పాలు తిరిగి వస్తాయన్నంత భయం.

ఆ గీత మీద నలుసు లేచింది. ఇంకొకటి. ఇంకొకటి. కొలుపు మర్నాడు కదా, తెప్పలన్నీ ఒకేసారి తిరిగాయి. మా ఆడవాళ్ళు కళ్ళు చికిలించారు. మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరి తెరచాప ఏదో ఇంకా తెలియడం లేదు.

"ఆ మూడోదాని మీద ఎర్రగా ఉండాది" అంది అత్త మెల్లగా. "అది నా పెళ్ళిచీర ముక్క. ఆ మాసిక నేనేసిందే."

ముక్కుకు ఆనించుకుని, కుట్టు కుట్టూ ఊపిరితో తడిపి వేసిన మాసిక. అరచేతంత గుడ్డ. దాన్ని సముద్రం అంచున, ఉప్పుగల్లంత అయిపోయి ఉండగా ఆమె పట్టేసింది. మా అమ్మ కూడా అప్పుడే పట్టింది. మా నాన్న పేరు పిలవడానికి నోరు తెరిచింది. తెరిచి, అత్త మొహం చూసి, మూసేసింది.

అత్త దిబ్బ అంచుకు నడిచింది. గుండె నిండా గాలి పీల్చుకుంది. ఎన్నడూ పలకని పేరు, ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియని పేరు.

"చిన్నపోలయ్యో!"

గొంతు చీలిపోయింది. మళ్ళీ వేసింది కేక. మా అమ్మ, నోరుగల మా అమ్మ, కొంగు మొహం మీదికి లాక్కుని సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. "నా చూపు కలవగూడదు. వదిననే లాగనీ" అంది. ఆ రోజు మా నాన్న అరువు చూపుతో ఒడ్డుకు వచ్చాడు.

నా బిడ్డ ఏడ్చింది, ఎవరో దగ్గారు, కుక్క ఒకటి కాళ్ళ మధ్య నుంచి పోయింది. అత్త కదల్లేదు. అలలు విరిగే చోట తెప్ప ముక్కు పైకి లేచి ఒక్క క్షణం కనబడకుండా పోతే ఆమె రెండు చేతులతో గాలిని పట్టుకుని వెనక్కి వాలింది, నిజంగా తాడు లాగుతున్నట్టే. తెప్ప అల మీదెక్కి, జారి, బర్రుమని ఇసకను తాకింది. అప్పటిగ్గాని రెప్ప వెయ్యలేదు.

మామ నీళ్ళలోకి దూకి నడిచి వస్తున్నాడు. దిబ్బ దిగి ఎదురెళ్ళింది అత్త. "ఇంత పొడుగా ఈ మనిషి!" అని గొణిగింది. "ఆ భుజం ఒకటి కిందికి వాలి ఉండాదే. నాకు ఎవురూ చెప్పలేదే." ఆయన నడిచే తీరు, నీళ్ళు కారే జుట్టును వెనక్కి విసిరే తీరు, ఎవరినో వెతుక్కుంటూ ఒడ్డంతా కళ్ళు తిప్పే తీరు, అన్నీ ఆమెకు కొత్తే. ఆ వెతుకులాట తన కోసమేనని కూడా అప్పుడే తెలిసింది. ఒడ్డుకు రావడం మానేసిన మనిషి కోసం ఆయన రోజూ అలాగే వెతుక్కునేవాడని మేమందరం ఎరుగుదుం. ఆమెకే తెలియదు.

ఆయన ఆమెను చూశాడు. గబగబా వచ్చేశాడు. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చాడు, అంతే, మొహం అలుక్కుపోయింది. ఇన్నాళ్ళూ దగ్గరైతే దొరికే మొహం ఇప్పుడు దగ్గరైతే పోతోంది. అత్త గాభరాగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"అద్దాలేవే?" అన్నాడు మామ. "యాడ పారేసినావు? మనిషంత వంజరం మేయ్ అది!"

"ఉండాయి, యాడికీ పోలా. వల కట్టేదానికి పెట్టుకుంటాలే. నువ్వు ముందు వెనక్కి పో."

"ఏమైంది నీకు?"

"పో అంటుంటే! ఇంకా. ఇంకా పో."

పాళెమంతా చూస్తుండగా మామ వెనక్కి వెనక్కి నడిచాడు. అలలోకి దిగాడు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి.

"ఆడనే ఉండు" అంది అత్త. "కదలబాక."

ఆయన నిలబడ్డాడు. ఒక అల వచ్చి నడుము దాకా తడిపి పోయింది. చేపలు ఏరేవాళ్ళు ఏరడం ఆపేశారు. మా అమ్మ కొంగు తీసి ఇటు తిరిగింది.

"ఎంతసేపే?" అని అరిచాడు మామ.

"పెళ్ళైన నాటి నుంచీ చూడాల్సింది ఉండాది నాకు" అంది అత్త. "ఉండు."

మామ కాళ్ళ కింద ఇసకను అలలు లాగేస్తుంటే, పడిపోకుండా నిలదొక్కుకుంటూ, అక్కడే నిలబడ్డాడు.